యాభై నాలుగో పదార్థం

మా గురువుగారి కుడిచెయ్యి నా థీసిస్‌లో ఇరుక్కుపోయింది. మాటవరసకు అంటున్నది కాదు. మణికట్టు దాటి, వాచీతో సహా, నిజంగానే ఇరుక్కుపోయింది. ఆ చేత్తోనే ఆయన ఆ రోజు సాయంత్రం ఐదు లోపల నా థీసిస్ మీద సంతకం పెట్టాలి.

మా విశ్వవిద్యాలయంలో పరిశోధనకు ఎనిమిదేళ్లే గడువు. గడువు నిండే రోజున ఐదింటికి ఆఫీసు కిటికీ మూస్తారు. ఆ లోపల గురువు సంతకం పడ్డ ప్రతి అందకపోతే నమోదు రద్దు. చేసిన ప్రయోగాలూ, రాసిన పేజీలూ, ఊడిన జుట్టూ ఏవీ లెక్కలోకి రావు. కావాలంటే మళ్లీ మొదటి ఏడాదిలో చేరాలి. నాకు ఎనిమిదేళ్లు నిండేది ఆ రోజే. నాలుగేళ్లుగా "ఇంకొక్క ప్రయోగం చేద్దాం, తర్వాత పెడతాను" అంటూ వచ్చిన గురువుగారు, చివరికి ఆ పొద్దున పదిన్నరకు పెడతానని ఒప్పుకున్నారు.

మాది పాలిమర్ల గుంపు. చిన్న చిన్న అణువుల చేతులు ఒకదానికొకటి పట్టించి పొడవాటి గొలుసులు కట్టడం మా పని. గురువుగారి కింద తాత్కాలికం అన్న ఉంటాడు. ఆర్నెల్ల తాత్కాలిక ఉద్యోగానికి వచ్చి పదకొండేళ్లయింది. ఎప్పుడు వెళ్లిపొమ్మంటారో అని ఇప్పటికీ అట్టపెట్టెల్లోంచి పుస్తకాలు బయటికి తీయలేదు. గాజు సామానూ కత్తులూ తాళాలూ స్టోర్స్ బాబాయి చేతిలో ఉంటాయి. మొదటి ఏడాది పిల్లను మేమంతా సందేహం అని పిలుస్తాం. నోరు తెరిస్తే ప్రశ్నే వస్తుంది, అదీ సరిగ్గా రాకూడని సమయానికి వస్తుంది. ఐదోదాన్ని నేను.

నేను ఎనిమిదేళ్లు గొడ్డుచాకిరీ చేసి తయారు చేసింది ఒక జెల్. పాలరంగులో, నిగనిగలాడుతూ, నొక్కితే మెత్తగా ఉంటుంది. గుంపులో అందరూ దాన్ని ముద్ద అంటారు. కోస్తే నలభై సెకన్లలో మళ్లీ అతుక్కుంటుంది. సాగదీస్తే సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. దేనిలోనూ కరగదు. ఈ మూడు వాక్యాలనే నేను రెండువందల పది పేజీలు రాశాను.

ఆ పొద్దున ఐదు లీటర్ల ముద్దను గాజు తొట్టెలో బల్ల మీద పెట్టాను. పక్కన థీసిస్, దాని మీద మూత తీసిన కలం. గురువుగారు వచ్చారు, కుర్చీ లాక్కున్నారు, కలం వైపు చెయ్యి చాచారు. ఆ క్షణంలో సందేహం నోరు విప్పింది.

"సార్, అతుక్కోవడం అంటే లోపల అసలేం జరుగుతుంది సార్?"

దాని పీక నొక్కాలనిపించింది. గురువుగారి చెయ్యి కలం మీంచి కత్తి మీదికి మళ్లింది. ముద్దను నిలువుగా చీల్చి, ఆ చీలికలో చెయ్యి పెట్టి, "ఇదిగో చూడమ్మా, ఈ రెండు ముఖాల మీదా ఒంటరిగా మిగిలిపోయిన చేతులుంటాయి, అవి..." అని మొదలుపెట్టారు. ముద్ద అతుక్కోవడానికి నలభై సెకన్లు చాలు. గురువుగారు ఒక వాక్యాన్ని నలభై సెకన్లలో ముగించడం ఈ ఎనిమిదేళ్లలో నేను వినలేదు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి చీలిక లేదు, చెయ్యి కూడా కనబడలేదు.

ముందు మేము లాగాం. గురువుగారి నడుం పట్టుకుని తాత్కాలికం అన్న, అన్నను పట్టుకుని బాబాయి, తొట్టెను పట్టుకుని నేనూ సందేహమూ. ముద్ద మూరెడు సాగింది. అందరం ఊపిరి పీల్చుకునేలోపు వెనక్కి గుంజింది, గురువుగారి గడ్డం వెళ్లి తొట్టెకు కొట్టుకుంది.

"ఎన్నో పేజీ?" అన్నారు ఆయన, గడ్డం రుద్దుకుంటూ.

"ఎనభై ఏడు సార్. సాగే గుణం."

"బాగా వచ్చింది," అన్నారు. ఆయన కళ్లలో మెరుపు చూసి నాకు భయం వేసింది.

తర్వాత కోశాం. బాబాయి స్టోర్స్‌లో ఉన్న పెద్ద కత్తి తెచ్చి ఒక చివర మొదలుపెట్టాడు. ఆయన జాగ్రత్తపరుడు, పైగా గురువుగారి వేళ్లు లోపల ఎక్కడున్నాయో తెలియదు. ఆ చివరికి చేరేసరికి ఈ చివర అతుక్కుపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారికి కత్తి కూడా లోపలే ఉండిపోయింది.

"కత్తికి రసీదు రాయాలి తల్లీ," అన్నాడు బాబాయి నాతో. "నీ పేరు మీదే రాస్తాను."

"నూట పన్నెండో పేజీ," అన్నారు గురువుగారు, నన్ను అడక్కుండానే.

తాత్కాలికం అన్న అప్పటికే బోర్డు మీద లెక్కలు వేస్తున్నాడు. నలభై సెకన్ల లోపల చుట్టూ కోయాలంటే ఒకేసారి పదకొండు కత్తులు కావాలని తేల్చాడు. గుంపులో ఉన్నది ఐదుగురం, అందులో ఒకరు లోపల ఉన్నారు. మిగతా ఏడుగురినీ పక్క గుంపు నుంచి అరువు తెద్దామన్నాడు. పక్క గుంపువాళ్లు వస్తే పరిశోధన పత్రంలో పేర్లు పెట్టమంటారని గురువుగారు ససేమిరా అన్నారు.

"అయితే నీళ్లు పోద్దాం," అన్నాడు అన్న. "జారుతుందేమో."

వద్దని నేను అంటూనే ఉన్నాను. నాలుగో అధ్యాయం మొత్తం దాని గురించే. ముద్ద నీళ్లలో కరగదు, తాగుతుంది. రెండు బకెట్లు గటగటా తాగి తొట్టె అంచులు దాటింది, బల్ల అంత అయింది, గురువుగారి మోచెయ్యిని కూడా మింగేసింది. ఇక ఆయన్ను తొట్టెతో సహా మోసుకెళ్దామన్నా తలుపులో పట్టరు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"సార్," అంది సందేహం, "ఇప్పుడు ఈ గొలుసులన్నీ కలిసి ఒకే అణువు కదా సార్. మీ చెయ్యి కూడా దాన్లోనే ఉంది కదా. అంటే మీరు కూడా శాంపిలేనా సార్?"

ఎవరూ నవ్వలేదు. తాత్కాలికం అన్న నుదురు చిట్లించి, మనిషిని శాంపిల్‌గా వాడితే నైతిక సంఘం అనుమతి ఉండాలన్నాడు. ఆ ఫారం పందొమ్మిది పేజీలు. అనుమతికి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఎవరూ గురువుగారిని ముట్టుకోకూడదని ఒక కాగితం మీద రాసి, ఆయన వీపుకు అంటించబోతే బాబాయి ఆపాడు.

పన్నెండయింది. ఎడమచేత్తో సంతకం పెట్టమని నేను బతిమాలాను. పెట్టారు. కప్ప గెంతినట్టుంది ఆ సంతకం. దాన్ని పట్టుకుని మూడంతస్తులు దిగి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. గుమాస్తా నమూనా సంతకాల పుస్తకం తీసి, అద్దాలు సర్దుకుని, రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇది వారిది కాదమ్మా."

"వారిదేనండీ. ఎడమచేత్తో పెట్టారు. కుడిచెయ్యి నా థీసిస్‌లో ఇరుక్కుంది."

"అందరి గురువులకూ ఏదో ఒకటి ఉంటుంది," అన్నాడు జాలిగా. "వారినే రమ్మనండి. నా ఎదురుగా పెట్టమనండి. ఐదింటి దాకా ఇక్కడే ఉంటాను."

మెట్లెక్కుతుంటే అమ్మ ఫోన్ చేసింది. కళ్లద్దాల కొట్లో అద్దాలు అరగదీస్తుంది మా అమ్మ. యంత్రం చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"సంతకం అయిందా?"

"సార్ చెయ్యి ఖాళీగా లేదమ్మా."

"ఎప్పుడు ఖాళీగా ఉంది కనక?" అని పెట్టేసింది.

నేను పైకి వెళ్లేసరికి గురువుగారు మంచి హుషారుగా ఉన్నారు. "ఏ పదార్థానికీ లొంగని జెల్" అన్న ఆరో అధ్యాయం ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో తిప్పుతున్నారు. ముద్దను విడదీయలేని యాభై మూడు పదార్థాల జాబితా అందులో ఉంది. చేతికి హాని చేయనివన్నీ ఒక్కొక్కటిగా బాబాయి చేత తెప్పించి ముద్ద మీద పోయించారు. సబ్బు నీళ్లు, ఉప్పు నీళ్లు, నూనె, గ్లిజరిన్. ఏదీ పనిచేయలేదు. ఒక్కొక్కటి ఓడినప్పుడల్లా ఆయన జాబితాలో దాని పక్కన టిక్కు పెట్టారు.

"చూశావా అమ్మాయ్!" అన్నారు నాతో. "యాభై మూడూ నిజం. ఈ జాబితాలో లేనిదేదైనా వచ్చి నా చెయ్యి విడిపిస్తే, నీ థీసిస్ తప్పన్నమాట. తప్పుడు థీసిస్ మీద నేను సంతకం పెట్టను."

"విడిపించకపోతే సార్?"

"విడిపించకపోతే థీసిస్ పచ్చి నిజం. సంతోషంగా సంతకం పెడతాను."

"ఏ చేత్తో సార్?"

ఆయన పేజీ తిప్పారు. "అది వేరే విషయం," అన్నారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో అమాయకురాలినని మీరనుకుంటారు. ముద్ద ఎలా విడిపోతుందో నాకు తెలుసు. రెండేళ్ల నుంచి తెలుసు. చక్కెర.

గురువుగారికి చక్కెర జబ్బు వచ్చిన ఏడాది ఆయన తీపి మానేశారు. ఆయన మానేశారని గుంపంతా మానేసింది. టీ గదిలో చక్కెర డబ్బా తీసేశారు, చేదు టీ తాగడం గురుభక్తి అయిపోయింది. నావల్ల కాలేదు. నా డెస్కు సొరుగులో ఒక సీసాలో చక్కెర పోసి, మీద "విషం, ముట్టుకోవద్దు" అని రాసి పెట్టుకున్నాను. ఒక రోజు టీ ఒలికింది. అడుగున కరగని చక్కెర చిక్కగా ముద్ద మీద పడింది. పది నిమిషాల్లో అప్పటికి ఆరేళ్ల కష్టంలో గుప్పెడు నీళ్లయి బల్ల మీంచి కారింది. నా గొలుసుల చేతులకు ఫలానా చేతినే పట్టుకోవాలన్న పట్టింపు లేదు. చక్కెర కనబడగానే పాత చెయ్యి వదిలేసి దాన్ని పట్టుకుంటాయి. అంతే విషయం. వేరే గుంపులో అయితే మొదటి వారంలోనే బయటపడేది.

నేను గుడ్డతో తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే "అయితే ఇంకో రెండేళ్లు" అంటారని తెలుసు. అప్పటినుంచి కక్కలేక మింగలేక ఉన్నాను. ఆ పొద్దున ఆయన చెయ్యి ఇరుక్కున్న మొదటి నిమిషం నుంచీ ఆ సీసా నాలుగడుగుల దూరంలోనే ఉంది. విడిపిస్తే థీసిస్ తప్పు, సంతకం రాదు. విడిపించకపోతే చెయ్యి లేదు, సంతకం రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ దేవుడో దిగివచ్చి మూడో దారి చూపిస్తాడని ఎదురుచూస్తూ, ఒక ముసలాయన్ని అలా కూర్చోబెట్టాను. అది తప్పేనని అప్పుడూ తెలుసు.

నాలుగు దాటాక తాత్కాలికం అన్న ఫారం నింపడానికి తన గదికి వెళ్లాడు. బాబాయి గడ్డపార కోసం తోటమాలి దగ్గరికి వెళ్తూ, నోరు ఊరుకోదని సందేహాన్ని కూడా తీసుకెళ్లాడు. గదిలో ఇద్దరమే మిగిలాం. గురువుగారికి టీ తెచ్చి, చేదుదే, కప్పు పట్టుకున్నాను. రెండు గుక్కలు తాగి చాలన్నారు. హుషారంతా దిగిపోయింది.

"వేళ్లు తెలియట్లేదు," అన్నారు మెల్లగా.

నేను కప్పు కింద పెట్టాను.

"నీకో మాట చెప్పాలి. ఇన్నేళ్లలో చెప్పలేదు. ఈ పని చాలా గొప్పగా చేశావు. నా జీవితంలో నేను ఇలాంటిది చెయ్యలేదు. పొద్దున్నుంచీ చేత్తో తెలుస్తూనే ఉంది."

ఎనిమిదేళ్లు ఆ మాట కోసం చూశాను. అది వచ్చేసరికి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అంత సిగ్గు నాకు జన్మలో వేయలేదు.

"మరి సంతకం ఎందుకు పెట్టలేదు సార్, నాలుగేళ్ల క్రితమే?"

ఆయన ఎడమచేత్తో ముద్దను నిమిరారు.

"పెడితే వెళ్లిపోతావు కదా. నువ్వెళ్తే ఇక్కడ పని చేసేదెవరు? అదిగో, పదకొండేళ్లుగా ఒకడు పెట్టెలు విప్పట్లేదు. ఇంకో పిల్ల అడగడమే గానీ వినదు. ప్రతి ఏడాదీ ఈ ఒక్క ఏడాదే అనుకున్నాను. చెడ్డ ఉద్దేశంతో కాదమ్మా."

చెడ్డ ఉద్దేశం లేదని నాకూ తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది. నాలుగేళ్లంటే మాటలా? చెల్లెలి పెళ్లికి మధ్యాహ్నం వెళ్లి రాత్రికి తిరిగొచ్చాను. నాన్న ఆఖరి రోజుల్లో ఆయన మంచం పక్కన కూర్చుని నూట పన్నెండో పేజీ దిద్దాను. ఇదంతా ఆయన ముఖాన అనేద్దామని లేచాను. లేచి, అనకుండా, సొరుగు దగ్గరికి వెళ్లి సీసా తీశాను. కాగితాల మీద అబద్ధం, కుర్చీలో మనిషి, రెండూ ఇక నావల్ల కావు.

టీ కెటిల్‌లో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. చక్కెరంతా పోసి, చిక్కటి పాకం కలిపి, గురువుగారి చేతి చుట్టూ పోశాను. విషం అన్న అక్షరాలు చూసి ఆయన అదిరిపడ్డారు. తర్వాత ఒక చుక్క ఆయన మూతి మీద పడింది. నాలుకతో తడిమి చూసుకున్నారు.

"ఇది తీపి," అన్నారు.

"అవును సార్."

నిమిషాలు గడిచాయి. ముద్ద ముందు మసకబారింది, తర్వాత కుంగింది, తర్వాత బల్ల నాలుగు వైపులా పాలలా కారిపోయింది. కత్తి ఖంగుమని నేల మీద పడింది. గురువుగారు తెల్లగా నానిపోయిన తన చేతిని పైకెత్తి, అది వేరెవరిదో అన్నట్టు చూసుకున్నారు. వాచీ ఇంకా నడుస్తోంది. నాలుగూ నలభై.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండేళ్ల నుంచి."

"పొద్దున్నుంచీ కూడా?"

"పొద్దున్నుంచీ కూడా సార్."

ఆయన ముఖం పాలిపోయింది. "ఆరు గంటలు," అన్నారు. "ఆరు గంటలు నన్ను ఇలా పట్టి ఉంచావా? చేతిలో విడిపించే మందు పెట్టుకుని?"

నేను తల దించుకోలేదు. ఏడుస్తూనే అన్నాను. "తప్పే సార్. నేను ఆరు గంటలు పట్టుకున్నాను. మీరు నాలుగేళ్లు పట్టుకున్నారు. మీ చేతిలోనూ కలం ఉంది."

నేను కలం తీసి, ఆరో అధ్యాయం తెరిచి, యాభై మూడో పదార్థం కింద చేత్తో రాశాను. "యాభై నాలుగు: చక్కెర. పన్నెండు నిమిషాల్లో పూర్తిగా విడదీస్తుంది. ఈ సంగతి నాకు రెండేళ్లుగా తెలిసీ రాయలేదు." అధ్యాయం పేరులో "ఏ పదార్థానికీ" అన్నదాన్ని కొట్టేసి "యాభై మూడు పదార్థాలకు" అని దిద్దాను. సంతకం పెట్టడం, పెట్టకపోవడం ఆయన ఇష్టం. నాకు మాత్రం రెండేళ్ల తర్వాత ఒళ్లు తేలికపడింది.

ఆయన వంగి ఆ పేజీ చదివారు. రెండుసార్లు చదివారు. తర్వాత థీసిస్ చంకన పెట్టుకుని లేచి, తూలి, నా భుజం పట్టుకుని, "పద," అన్నారు. చొక్కా నిండా పాకం. చెప్పుల్లో ముద్ద. మెట్ల మీద అడుగడుక్కీ కాలు అతుక్కుంటోంది. గడ్డపారతో ఎదురొచ్చిన బాబాయి గోడకు ఒదిగి దారిచ్చాడు. వెనక ఉన్న సందేహం ఏదో అడగబోతే దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

కిటికీ చేరేసరికి ఐదుకు ఆరు నిమిషాలు. గురువుగారు గుమాస్తా ఎదురుగా కలం పట్టుకున్నారు. వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, ఒక్కో అక్షరం మోస్తున్నట్టుగా సంతకం పెట్టారు. గుమాస్తా పుస్తకం తీసి చాలాసేపు చూశాడు.

"వారిదే," అన్నాడు. ఆ తర్వాత ఒక ఫారం బయటికి తోశాడు. "ఐదేళ్లు దాటినవాళ్లకి ఇది కూడా ఉంటుందండీ. జాప్యానికి కారణం, గురువుగారి చేత్తో. ఒక్క ముక్క రాస్తే చాలు. పరికరాల కొరత అని రాస్తారు అందరూ."

గురువుగారు ఆ గడి వైపు చూస్తూ నిలబడ్డారు. గోడ గడియారంలో పెద్ద ముల్లు ఇంకో గీత జరిగింది. ఆయన వంగి, ఒకే ఒక్క మాట రాసి, కాగితం లోపలికి తోశారు.

గుమాస్తా చదివి తల పైకెత్తాడు. "'నేను' అని రాశారేంటండీ? ఇక్కడ మీ పేరు కాదు, కారణం రాయాలి."

"కారణమే రాశాను," అన్నారు గురువుగారు. "ముద్ర వెయ్యి నాయనా, టైమవుతోంది."

ఐదుకు రెండు నిమిషాలు ఉండగా గుమాస్తా ముద్ర వేశాడు.